ఓట్ల లెక్క తెరకెక్కిన కథ

1952 జూలైలో షికాగోలో అమెరికా రిపబ్లికన్ పార్టీ మహాసభలు జరిగాయి. సీబీఎస్ టెలివిజన్ తరఫున ఆ ప్రసారాన్ని నడిపిస్తున్న డాన్ హెవిట్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు నిండలేదు. సభలు మొదలైన దగ్గర్నుంచీ ఆయనకు ఒకటే తలనొప్పి. హాలు నిండా ప్రతినిధులు. కెమెరా ఎవరి మీద ఆగితే ఆయన ఎవరో ఇళ్లలో చూస్తున్నవాళ్లకు చెప్పాలి. వ్యాఖ్యాత చేత చెప్పిద్దామంటే మాట్లాడుతున్న మనిషికి అడ్డం పడ్డట్టవుతుంది. ముందే అట్టల మీద పేర్లు రాయించి పెట్టుకుందామంటే ఏ క్షణాన ఎవరు మైకు అందుకుంటారో ఎవరికీ తెలియదు.

ఆ హడావిడిలోనే ఏదో తిందామని హెవిట్ ఒక చిన్న హోటల్లోకి వెళ్లాడు. గోడకి ఆ రోజు వంటకాల పట్టిక వేలాడుతోంది. నల్లటి బోర్డు, దాని మీద అడ్డంగా సన్నటి గాళ్లు, ఆ గాళ్లలో గుచ్చిన తెల్లటి అక్షరాలు. ఒక పేరు పీకేసి ఇంకో పేరు గుచ్చడం క్షణాల్లో అయిపోయే పని. ఏం కావాలని అడిగిన వెయిట్రెస్‌తో ఆ బోర్డే కావాలన్నాననీ, డబ్బిచ్చి కొనేశాననీ హెవిట్ తరవాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఒక కెమెరాని ఆ బోర్డు మీద, ఇంకో కెమెరాని మనిషి మీద పెట్టి, రెండు బొమ్మలనూ కలిపి పంపాడు. నలుపు నుంచి వెలుతురు రాదు కాబట్టి బోర్డు కనబడదు. తెల్లటి అక్షరాలు మాత్రం మాట్లాడుతున్న నాయకుడి ఛాతీ మీద తేలతాయి. ఇవాళ ఏ చానెల్ పెట్టినా తెర అడుగున మనిషి పేరు, హోదా కనిపించే పట్టీకి ఇలాంటి బోర్డులే మొదలు. మన న్యూస్‌రూముల్లో దాన్ని ఆస్టన్ అంటారు. అది ఆ అక్షరాలు వేసే యంత్రాలు తయారుచేసిన ఒక బ్రిటిష్ కంపెనీ పేరు. అమెరికా వాళ్లు అదే పట్టీని ఇంకో కంపెనీ పేరుతో కైరాన్ అంటారు. 1970లలో ఈ యంత్రాలు వచ్చాకే బోర్డులకూ అట్టలకూ సెలవు దొరికింది.

హెవిట్ బోర్డు ఎన్నికల హడావిడిలో పుట్టడం కాకతాళీయం అనుకోను. టీవీ వార్తల స్టూడియోలో గొప్ప మార్పులు ఎక్కువగా ఎన్నికల చుట్టూనే వచ్చాయి. మామూలు రోజు బులెటిన్‌కి ముందే స్క్రిప్టు ఉంటుంది, ఏ బొమ్మ ఎప్పుడు పడాలో తెలుసు. ఓట్ల లెక్కింపు రోజున స్క్రిప్టు ఉండదు. గంటల తరబడి అంకెలు వస్తూనే ఉంటాయి. వాటిని చూసేవాళ్లలో లెక్కలంటే గిట్టనివాళ్లూ ఉంటారు. అయినా అందరికీ అర్థం కావాలి, పక్క చానెల్ కంటే ముందే అర్థం కావాలి. యాజమాన్యాలు డబ్బు సంచులు విప్పేది కూడా ఆ రోజుకే.

మళ్లీ 1952కే వద్దాం. ఆ నవంబరు 4న అధ్యక్ష ఎన్నికల ఫలితాలు. సీబీఎస్ ఈసారి రెమింగ్టన్ రాండ్ కంపెనీ వారి యూనివాక్ కంప్యూటర్‌ని రంగంలోకి దింపింది. అసలు యంత్రం ఫిలడెల్ఫియాలో ఉంది. గది నిండా పరుచుకునే దాన్ని న్యూయార్క్ స్టూడియోకి తేవడం అయ్యే పని కాదు. అందుకని స్టూడియోలో ఒక ఉత్తుత్తి కన్సోల్ నిలబెట్టారు. మిణుకు మిణుకుమనే దీపాలు తప్ప అందులో ఏమీ లేదు. వాల్టర్ క్రాంకైట్ ప్రధాన వ్యాఖ్యాత. చార్ల్స్ కాలింగ్‌వుడ్ ఆ దీపాల పెట్టె పక్కన కూర్చుని యంత్రం ఏమంటోందో చెప్పాలి.

అక్కడ ఫిలడెల్ఫియాలో జరిగింది మాత్రం నిజమైన అద్భుతం. సుమారు 34 లక్షల ఓట్ల లెక్క అందగానే, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, రిపబ్లికన్ అభ్యర్థి ఐసెన్‌హోవర్‌కి 438 ఎలక్టోరల్ ఓట్లు, డెమొక్రాట్ అభ్యర్థి స్టీవెన్‌సన్‌కి 93 వస్తాయని యూనివాక్ తేల్చింది. అప్పటిదాకా సర్వేలన్నీ పోటీ హోరాహోరీ అన్నాయి. దాంతో కంపెనీ వాళ్లకే నమ్మకం చాలలేదు. పరువు పోతుందన్న భయంతో ఆ అంకె బయటపెట్టకుండా లెక్కను సవరించి, పోటీ దగ్గరదగ్గరగా ఉందన్నట్టు చెప్పించారు. చివరికి వచ్చిన ఫలితం 442, 89. మొదట్లో యంత్రం చెప్పిందే నిజమనీ, తామే దాచామనీ అదే రాత్రి కంపెనీ ప్రతినిధి ప్రసారంలో ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఈ ఘట్టం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. స్టూడియోలో చూపించిన దీపాలు ఉత్తుత్తివి, చూపించకుండా దాచిన అంకె నిజం. లెక్కింపు రోజు తెర రంగులు ఎంత మారినా ఈ ఇబ్బంది ఇప్పటికీ తీరలేదు.

అట్లాంటిక్‌కి ఇవతల బ్రిటన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 1950 ఫిబ్రవరిలో బీబీసీ తొలిసారి టీవీలో ఎన్నికల ఫలితాల కార్యక్రమం చేసినప్పుడు డేవిడ్ బట్లర్ అనే 25 ఏళ్ల ఆక్స్‌ఫర్డ్ యువకుడు అంకెలు వివరించడానికి కూర్చున్నాడు. ఆయన చెప్పిన కిటుకు చాలా చిన్నది. ఒక పార్టీకి గత ఎన్నికల కన్నా ఎంత శాతం పెరిగింది, రెండోదానికి ఎంత తగ్గింది, ఈ రెండింటి సగటు ఎంత? దాన్నే స్వింగ్ అన్నారు. తొలి పది నియోజకవర్గాల్లో స్వింగ్ ఎటు ఉంటే మిగతా దేశంలోనూ దాదాపు అటే ఉంటుంది. అప్పటి బ్రిటన్‌లో ఒక్క శాతం స్వింగ్‌కి దాదాపు 18 సీట్లు చేతులు మారేవి.

ఇంతవరకూ కాగితం మీది లెక్క. దీన్ని బొమ్మగా మార్చింది 1955 ఎన్నికల్లో బీబీసీ ప్రాంతీయ ప్రసారం కోసం పీటర్ మిల్న్ తయారుచేసిన స్వింగోమీటర్. అర్ధచంద్రాకారంలో స్కేలు, మధ్యలో లోలకం. లోలకాన్ని ఎటు జరిపితే అటువైపు పార్టీ ఎంత శాతం ఎక్కువ గెలుచుకుంటుందో, ఆ లెక్కన ఎవరి మెజారిటీ ఎంతో స్కేలు మీద కనిపిస్తుంది. 1959లో ఇది దేశవ్యాప్త ప్రసారానికి ఎక్కింది. ఆ తరవాత రాబర్ట్ మెకెంజీ అనే ప్రొఫెసర్ దాని ముందు నిలబడి, చేత్తో ముల్లు తిప్పుతూ, ఉత్సాహం ఆపుకోలేక చెప్పుకుపోతుంటే బ్రిటన్ జనం స్వింగోమీటర్‌నీ ఆయననీ విడదీసి చూడటం మానేశారు. 1970లో కన్సర్వేటివ్‌ల వైపు స్వింగ్ అనుకున్నదానికన్నా ఎక్కువ రావడంతో స్కేలు మీద లేని అంకెలను పెయింట్‌తో అప్పటికప్పుడు రాయించాల్సి వచ్చింది.

అట్టా చెక్కా రంగూ తప్ప మరేమీ లేని ఆ పరికరం టీవీ వార్తలు కనిపెట్టినవాటిలో అన్నిటికన్నా నిజాయితీ గలదని నా అభిప్రాయం. ఎందుకంటే అది ఎవరు గెలిచారో చెప్పి ఊరుకోదు. గెలుపు ఎలా వస్తోందో చూపిస్తుంది. లోలకం ఇంకాస్త జరిగితే ఏమవుతుందో కూడా చూపిస్తుంది. చూసేవాడు లెక్క నేర్చుకుంటాడు.

రంగుల టీవీ వచ్చాక అమెరికా వాళ్ల దృష్టి దేశపటం మీద పడింది. 1976 అధ్యక్ష ఎన్నికలకు ఎన్‌బీసీ చానెల్ దాదాపు 14 అడుగుల ఎత్తు పటం కట్టించింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో ప్లాస్టిక్ పలక, వాటి వెనక వేల బల్బులు. ఫోర్డ్ గెలిచిన రాష్ట్రం నీలంగా, కార్టర్ గెలిచింది ఎర్రగా వెలగాలి. తీరా దీపాలన్నీ ఒకేసారి వేసి చూస్తే ఆ వేడికి ప్లాస్టిక్ కరగడం మొదలైందట. పటం వెనక పెద్ద పెద్ద ఏసీలూ ఫ్యాన్లూ పెట్టి గట్టెక్కారు.

పై పేరాలో రంగులు గమనించారా? ఆ పటంలో రిపబ్లికన్లు నీలం, డెమొక్రాట్లు ఎరుపు. అప్పట్లో ఒక్కో నెట్‌వర్క్‌ది ఒక్కో రంగు, ఎన్నికకో మార్పు. ఇప్పుడు మనమంతా ఎరుపంటే రిపబ్లికన్ అనుకోవడానికి కారణం 2000 ఎన్నికలు. ఆ ఏడాది చానెళ్లూ పత్రికలూ చాలావరకు ఒకే రంగులు వాడాయి. ఫ్లోరిడా తేలక వారాల తరబడి అదే పటం కళ్లముందు ఉండిపోయింది. ఆ రాత్రి చానెళ్లు ఫ్లోరిడాను ముందు గోర్‌కి ఇచ్చాయి, వెనక్కి తీసుకున్నాయి, తెల్లవారుజామున బుష్‌కి ఇచ్చాయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాయి. ఓట్లు మారలేదు, పెట్టెల్లో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పటం మీది రంగే అటూ ఇటూ మారింది. ఎన్‌బీసీలో టిమ్ రసర్ట్ చేతిలో పట్టుకున్న తెల్ల పలక మీద మార్కర్‌తో ఫ్లోరిడా పేరు మూడుసార్లు రాసి చూపించాడు. కోట్ల ఖర్చుతో వేసిన సెట్ల కన్నా ఆ పలకే జనానికి గుర్తుండిపోయింది.

2008 జనవరిలో సీఎన్ఎన్ గోడంత టచ్ స్క్రీన్ తెచ్చింది. చేతి వేళ్లతో పటాన్ని లాగి, పెద్దది చేసి, జిల్లా జిల్లా చూపించే ఈ మ్యాజిక్ వాల్‌ని తయారుచేసింది జెఫ్ హాన్ కంపెనీ. సీఎన్ఎన్ యాంకర్ జాన్ కింగ్ దాని ముందు నిలబడగానే స్టూడియో రూపమే మారిపోయింది. అంతకుముందు యాంకర్ బల్ల వెనక కూర్చునేవాడు, బొమ్మ ఆయన భుజం పక్కన పడేది. ఇప్పుడు యాంకర్ లేచి బొమ్మ దగ్గరికి నడిచాడు. మన చానెళ్లలో యాంకర్లు నిలబడి, నడుస్తూ, గోడ మీద చెయ్యి ఆడిస్తూ చెప్పే పద్ధతికి ఇక్కణ్నుంచే ఊపు వచ్చింది. అదే ఏడాది ఎన్నికల రాత్రి, సరిగ్గా మళ్లీ నవంబరు 4న, సీఎన్ఎన్ షికాగోలో ఉన్న విలేకరి జెస్సికా యెల్లిన్‌ని 35 కెమెరాలతో చిత్రించి స్టూడియోలో ప్రత్యక్షమైనట్టు చూపింది. ఎదురుగా ఉన్న యాంకర్ వోల్ఫ్ బ్లిట్జర్‌కి మాత్రం అక్కడ ఎవరూ కనబడలేదు. ఆ బొమ్మ చూసేవాళ్ల తెర మీదే ఉంది. ఇప్పుడు మన తెలుగు చానెళ్లు నాయకుల బొమ్మల్ని స్టూడియోలో నడిపించి, అసెంబ్లీ భవనాన్ని బల్ల ముందు మొలిపించే పద్ధతి కూడా ఈ వరసలోదే.

ఇక మన దగ్గరికి వద్దాం. కాగితం బ్యాలెట్ల కాలంలో లెక్కింపు రెండు మూడు రోజులు సాగేది. దూరదర్శన్ ఆ రోజుల్లో వరసగా సినిమాలు వేసి, మధ్యమధ్య ఆపి ఫలితాలు చెప్పేది. 1984 డిసెంబరు ఎన్నికలకు ప్రణయ్ రాయ్, వినోద్ దువా దూరదర్శన్ తెర మీద విశ్లేషణకు కూర్చున్నారు. ప్రణయ్ రాయ్ వెనక ఉన్నది బట్లర్ లెక్కే. ఆ ఏడాదే బట్లర్, అశోక్ లాహిరి, రాయ్ కలిసి భారత ఎన్నికల గణాంకాల పుస్తకం వెలువరించారు. అయితే బ్రిటన్ లోలకం ఇక్కడ ఉన్నదున్నట్టు పనిచేయదు. అక్కడ ప్రధానంగా రెండు పార్టీలు, ఇక్కడ డజను. అందుకని వాళ్లు స్వింగ్‌కి తోడుగా ప్రతిపక్ష ఐక్యతా సూచీని చేర్చారు. అధికార పక్షానికి పడని ఓట్లలో ఒక్క పెద్ద ప్రతిపక్షానికి ఎంత వాటా పడిందన్నదే ఆ సూచీ. ఓట్లు చీలితే 40 శాతంతో ఊడ్చెయ్యవచ్చు, కలిస్తే అదే 40 శాతంతో మట్టికరవవచ్చు.

స్వింగ్ దేశమంతా ఒకేలా ఉండదని రుజువు చేసింది కూడా ఆ ఎన్నికల్లో తెలుగు ఓటర్లే. ఇందిరా గాంధీ హత్య తరవాత సానుభూతి దేశాన్ని ముంచెత్తితే ఆంధ్రప్రదేశ్ తెలుగుదేశానికి 30 లోక్‌సభ సీట్లిచ్చి దాన్ని సభలో పెద్ద ప్రతిపక్షంగా కూర్చోబెట్టింది.

టీవీలో తెలుగు వార్తలు మొదలై అప్పటికి ఏడాదే. 1983 నవంబరు 14న శాంతి స్వరూప్ హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు బులెటిన్ చదివారు. ఏళ్ల తరబడి టెలిప్రాంప్టర్ లేకుండా, స్క్రిప్టును కంఠస్థం చేసి, తలెత్తి చూస్తూ చదివిన మనిషి ఆయన. ఎన్టీఆర్ తొలిసారి గెలిచిన 1983 జనవరి నాటికి ఆ వార్త తెలుగులో చెప్పే టీవీ బులెటిన్ లేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

లెక్కింపు రోజును పూర్తిగా మార్చేసిన యంత్రం ఏ స్టూడియోలోనూ పుట్టలేదు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ తయారుచేసిన ఓటింగ్ యంత్రం అది. 2004లో మొత్తం 543 లోక్‌సభ స్థానాల్లోనూ వాడారు. రెండు మూడు రోజుల లెక్కింపు ఒక్క పూటకి దిగింది. అదే సమయానికి తెలుగులో వార్తా చానెళ్లు వచ్చాయి. 2003 డిసెంబరులో ఈటీవీ 2, 2004 జనవరిలో టీవీ9. ఆ ఏడాది మే 11న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఓట్లు లెక్కించినప్పుడు తెలుగు జనం తమ భాషలో, నిమిషం నిమిషం, అంకె మారడం చూశారు.

మన తెరకి కొన్ని సొంత లక్షణాలున్నాయి. అమెరికాలో రంగును చానెల్ పెట్టింది, మన దగ్గర రంగు పార్టీ జెండాతోనే వచ్చింది. పసుపు, గులాబీ, నీలం చూస్తే చాలు, పేరు చదవనక్కర్లేదు. పైగా గుర్తులున్నాయి. చదువురాని ఓటరు కోసం ఎన్నికల సంఘం కేటాయించిన సైకిలు, హస్తం, కారు, ఫ్యాను గ్రాఫిక్స్ డిజైనర్‌కి సిద్ధంగా దొరికిన బొమ్మలు. ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అనే చిత్రకారుడు పెన్సిల్‌తో గీసిన గుర్తులు ఎన్నో ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి.

ఇబ్బందీ ఉంది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అని ఒక్క మాట వేసి చూడండి. షకారం కింద రెండు ఒత్తులు దిగుతాయి. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో గీసిన పట్టీలో ఆ ఒత్తులు అంచుకు తగులుతాయి. పట్టీ మందం పెంచితే బొమ్మ తగ్గుతుంది, అక్షరం తగ్గిస్తే చత్వారం వచ్చినవాళ్లకి కనబడదు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ దాడుల ఉదయం ఫాక్స్, సీఎన్ఎన్‌లు కొద్ది నిమిషాల తేడాతో తెర అడుగున స్క్రోలింగ్ మొదలుపెట్టాయి. ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది. తెలుగులో అది బతకాలంటే మాటలు తగ్గించి రాయడం నేర్చుకోవాలి. మంచి డెస్కులు నేర్చుకున్నాయి.

నాకు లోటుగా కనిపించేది ఒక్కటే. బొమ్మ ఇంత పెరిగినా లెక్క అంత పెరగలేదు. లెక్కింపు ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది, అరగంట తరవాత యంత్రాలు తెరుస్తారు. హాల్లో సాధారణంగా 14 బల్లలు, అంటే రౌండుకి 14 యంత్రాలు. నియోజకవర్గంలో 280 పోలింగ్ కేంద్రాలుంటే 20 రౌండ్లు. కేంద్రాల వరస సంఖ్య ప్రకారం తెరుస్తారు కాబట్టి మొదటి రెండు మూడు రౌండ్లు చాలాచోట్ల ఒకే మండలం ఓట్లు. ఆ మండలం ఎవరికి కంచుకోటో దాన్నిబట్టి ఆధిక్యం వస్తుంది. అది పార్టీకి వచ్చిన ఆధిక్యం కాదు, మండలానిది. కానీ స్ట్రింగర్, అంటే స్థానిక విలేకరి, ఫోన్ చేసిన మరుక్షణం తెర మీద ఆ సీటు ఒక పార్టీ ఖాతాలో పడుతుంది. పక్క చానెల్ అంకెకీ దీనికీ పొంతన ఉండదు. ఇంట్లో చూసేవాళ్లు ఉదయం పది గంటలకే ఒకరు పండగ చేసుకుంటారు, ఒకరు టీవీ కట్టేస్తారు.

స్వింగ్ సంగతీ అంతే. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికలే తీసుకోండి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. 2024లో వైఎస్సార్‌సీపీకి దాదాపు అదే 39 శాతానికి 11 సీట్లు వచ్చాయి. అవతలి పక్షం మూడు పార్టీలుగా కలిసి 164 గెలుచుకుంది. బట్లర్, రాయ్, లాహిరి చెప్పిన పాఠం ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనబడదు. లెక్కింపు రోజున సీట్ల అంకె కనిపించినంతగా ఈ లెక్క మన తెరల మీద కనబడలేదు.

తెలుగు చానెళ్ల గ్రాఫిక్స్ డెస్కుల్లో పనిచేసేవాళ్లకి నా విన్నపం. వచ్చే లెక్కింపు రోజున ఆధిక్యం అంకె పక్కన మొత్తం రౌండ్లలో ఎన్ని పూర్తయ్యాయో చిన్నగానైనా వెయ్యండి. ఆధిక్యానికి ఒక రంగు, ఎన్నికల సంఘం ప్రకటించిన గెలుపుకి ఇంకో రంగు పెట్టండి. గంటకొకసారి సీట్లు పక్కనబెట్టి ఓట్ల శాతం చూపించండి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మీ దగ్గరున్న పట్టీలోనే చోటుంది.